మూడో బ్యాటరీ

సోమవారం పొద్దున కోర్టుకని బయల్దేరిన మనిషి గురువారానికి కూడా ఇల్లు చేరలేదు. ఆయన కారు మాత్రం షెడ్డులోంచి అంగుళం కదల్లేదు.

మీటరమ్మ ముందు కారునే చూస్తానంది.

"కారులో ఏముందండీ చూడ్డానికి?" అంది కెమిస్ట్ భార్య. "ఆయన దాన్లో వెళ్ళనే లేదు."

"అందుకేనమ్మా. ఇది స్టార్ట్ అయి ఉంటే ఆయన ఈపాటికి సాక్ష్యం చెప్పేసి, ఇంట్లో కూర్చుని ఉండేవారు."

షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి, వెలుతురు లోపలికి రానిచ్చింది. పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ప్రమాదాలు జరిగిన బళ్ళని పరీక్ష చెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఏ బండి దగ్గరికి వెళ్ళినా భుజానికి సంచీ, సంచీలో కరెంటు కొలిచే మీటరు ఉండేవి కాబట్టి అక్కడి వాళ్ళు మీటరమ్మ అని పేరు పెట్టారు. రిటైరయ్యాక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. సంచీ మాత్రం అదే.

బానెట్ ఎత్తి, చచ్చిపోయిన బ్యాటరీని బయటికి తీసి, తన వ్యాన్‌లోంచి తెచ్చిన బ్యాటరీని దాని స్థానంలో బిగించింది. తాళం తిప్పగానే ఇంజన్ మారు మాట్లాడకుండా అందుకుంది. వెంటనే ఆపేసింది.

"ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. సోమవారం ఏం జరిగిందో ఇంకోసారి చెప్పమ్మా. ఆయన తాళం తిప్పారు. ఏం వినపడింది?"

"టిక్ టిక్ మంది. అంతే. లైట్లు కూడా మినుకుమని ఆరిపోయాయి."

"ఆయన విసుక్కున్నారా?"

"లేదండీ. నవ్వారు. దీనికి కూడా కోర్టంటే భయమేనే అన్నారు." ఆమె చీపురు పుల్ల ఒకటి నేల మీద నుంచి తీసి రెండుగా విరిచింది. "కాసేపు తిప్పి తిప్పి చూశారు. టైమైపోతోంది, వీధి చివర ఏదో ఒకటి పట్టుకుంటాలే అని నడిచి వెళ్ళారు. ఎదురింటి టైలర్ గారు చూశారట. బూడిద రంగు కారు ఆగిందట. ఈయనే తలుపు తీసుకుని ఎక్కారట."

ఆ మనిషి మునిసిపల్ నీళ్ళ ల్యాబులో కెమిస్ట్. రంగుల ఫ్యాక్టరీ వెనక వీధుల్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచం పడుతుంటే, ఎవరూ చెప్పకుండానే సీసాలు పట్టుకెళ్ళి అక్కడి బోర్ల నీళ్ళు తెచ్చి పరీక్ష చేశాడు. ఇద్దరు పిల్లలు అప్పటికే పోయారు. ఆ నీళ్ళలో ఏముందో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కోర్టులో నిలబడి చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. సోమవారం ఆయన రాలేదు. జడ్జి కేసుని శుక్రవారానికి వాయిదా వేశాడు. అప్పటికీ రాకపోతే ఫ్యాక్టరీ మీద కేసు కొట్టేసినట్టే.

"బ్యాటరీ గోల ఎప్పట్నుంచి?"

"రెండు నెలలై ఉంటుంది. మొదటిది పాతదే కదా అని మార్చాం. కొత్తది కూడా పది రోజులకే చచ్చింది. పీసులో లోపమేమో అని షాపువాళ్ళు ఇంకోటిచ్చారు. ఇది మూడోది. ఇదీ అంతే. మెకానిక్ వచ్చి ఛార్జింగ్ అంతా చూశాడు. బాగానే ఉందన్నాడు. ఈయన ల్యాబుకి నడిచే వెళ్తారు, కారు సరిగ్గా తిప్పకపోతే అంతేనని సరిపెట్టుకున్నాం. ఆగినప్పుడల్లా మా తమ్ముడే ఇంకో బండి తెచ్చి, వైర్లు తగిలించి స్టార్ట్ చేసిచ్చేవాడు."

"మూడు బ్యాటరీలూ చెడ్డవి కావడం కుదరదమ్మా. కారు ఆపి ఉన్నప్పుడు దీన్ని ఏదో తాగేస్తోంది. అదేమిటో చూద్దాం."

డ్రైవర్ వైపు తలుపు తీసి, తలుపు గొళ్ళెంలో స్క్రూడ్రైవర్ దూర్చి, క్లిక్‌మనే దాకా నొక్కింది. తలుపు తెరిచే ఉంది. కారు మాత్రం తలుపు పడిందనుకుని లోపలి దీపం ఆర్పేసింది. తర్వాత బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పి, తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు తగిలించింది.

"ఇక ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యను. ఇది నిద్రపోవాలి. తాళం తీసేశాక కూడా కారులో ఒక్కొక్కటీ ఆరడానికి కాస్త సమయం పడుతుంది. కూర్చో."

ఆమె కూర్చోలేదు. అప్పుడే గేటు చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ మామూలు చొక్కాలో ఉన్నాడు. స్టేట్‌మెంట్ మీద ఇంకో సంతకం కావాలని వచ్చినవాడు, ఎత్తి ఉన్న బానెట్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటరమ్మ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరికీ అది ఇబ్బందే.

"మేడమ్, ఈ కేసు నాది."

"కేసు మీదే. కారు ఈవిడది. ఈవిడ రమ్మంటే వచ్చాను."

"రేప్పొద్దున ఇందులో సాక్ష్యం చెరిపేశారని ఎవరన్నా అంటే నేను జవాబు చెప్పుకోవాలి."

"మూడు రోజుల్నుంచి దీని మీద ఒక సీలు వేయించలేదు మీరు. ఫొటో కూడా తీయించలేదు. ఇవాళ హఠాత్తుగా ఇది సాక్ష్యమైపోయిందా?"

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. కళ్ళ కింద నలుపు చూస్తే అతనూ సరిగ్గా నిద్రపోలేదని తెలుస్తోంది.

"ఆయన తనంతట తానే తలుపు తీసుకుని కారెక్కాడు. పెనుగులాట లేదు, కేక లేదు. సాక్షులు చివరి నిమిషంలో జడుసుకుని ఎక్కడికో పోవడం నేను చాలాసార్లు చూశాను. వెనక్కి తెచ్చాను కూడా. ఈయన్నీ తెస్తాను. మీరు బ్యాటరీ బాగు చేస్తే ఆయన దొరకడు."

"పారిపోదామనుకున్నవాడు చచ్చిన కారు దగ్గర అంతసేపు తాళం తిప్పుతూ కూర్చోడు."

"భార్య చూస్తోందని తిప్పి ఉండొచ్చు."

కెమిస్ట్ భార్య తల తిప్పేసుకుంది. మీటరమ్మ గొంతు పెంచలేదు.

"ఆ మాట ఈవిడ లేనప్పుడు అనాల్సింది. నిలబడి ఉంటానంటే ఆ పక్కకి నిలబడండి, వెలుగుకి అడ్డం రాకండి."

అతను వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. షెడ్డు లోపలి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

మీటరు మీద అంకె కాసేపు కిందికి దిగింది. నాలుగు వందల దగ్గర ఆగిపోయి ఇక దిగనంది.

"ఎంతుండాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, అడగకుండా ఉండలేక.

"యాభైకి లోపు. నిద్రపోతున్న కారుకి అంతకంటే అక్కర్లేదు. నాలుగు వందల మిల్లీ ఆంపియర్లంటే కొత్త బ్యాటరీ కూడా నాలుగైదు రోజుల్లో చేతులెత్తేస్తుంది. ఇది తన తిండి కాదు. ఇంకెవరిదో."

స్టీరింగు కింద ఫ్యూజుల డబ్బా మూత తీసింది. ఒక్కో ఫ్యూజూ పీకడం, తలుపులోంచి తల బయటికి పెట్టి మీటరు వైపు చూడడం, తిరిగి పెట్టడం. రేడియోది పీకింది. అంకె కదల్లేదు. హారన్, వైపర్లు, వెనక దీపాలు. కదల్లేదు. లోపలి దీపం ఫ్యూజు పీకగానే, నాలుగు వందలు కాస్తా ముప్ఫైకి పడిపోయింది.

"దొరికిందా?" కెమిస్ట్ భార్య ముందుకొచ్చింది.

"దారి దొరికింది. దీపం ఆరిపోయే ఉంది కదా, మరి ఈ తీగలోంచి కరెంటు ఎవరికి పోతున్నట్టు?"

మోకాళ్ళ మీద కూర్చుని, స్టీరింగు కింది అట్టముక్క ఊడదీసి, తల లోపలికి పెట్టి టార్చి వేసింది. అసలు తీగలన్నీ ఒక జడగా అల్లి ఉన్నాయి. ఆ జడలోంచి ఎర్రదీ నల్లదీ రెండు సన్నని తీగలు పక్కకి పోయి, అగ్గిపెట్టెంత నల్ల డబ్బాలో కలిశాయి. అతుకు దగ్గర తీగ ఎక్కడా బయటికి కనపడకుండా గొట్టం తొడిగి ఉంది. చెయ్యి తిరిగినవాడి పని.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు.

"ట్రాకర్" అన్నాడు.

"నాసిరకంది. ఈ షెడ్డు రేకుల కింద ఉపగ్రహం సిగ్నల్ సరిగ్గా అందదు. అందక అది రాత్రింబవళ్ళు వెతుక్కుంటూనే ఉంది. అందుకే అంత ఆకలి."

"ఇలాంటివి ఒక్కోసారి భార్యలే పెట్టిస్తారు మేడమ్. భర్త ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో అని."

"నేను పెట్టలేదు" అంది కెమిస్ట్ భార్య. గొంతులో కోపం కూడా లేదు. "ఆయన ఎక్కడికెళ్ళినా నాకు చెప్పే వెళ్తారు. సోమవారం కూడా చెప్పే వెళ్ళారు."

ఇన్‌స్పెక్టర్ ఆ డబ్బాని ఫొటో తీసుకున్నాడు. మీటరమ్మ మీటరు తీసేసి బ్యాటరీ తీగని మామూలుగా బిగిస్తుండగా, గేటు దగ్గర మోటార్‌సైకిల్ ఆగింది.

వచ్చినవాడు కెమిస్ట్ భార్య తమ్ముడు. పాతికేళ్ళుంటాయి. రంగుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాడని మీటరమ్మకి పొద్దునే తెలిసింది. ఫ్యాక్టరీ నీలం చొక్కా మీదే ఉన్నాడు. దారంతా వేగంగా వచ్చినట్టున్నాడు, జుట్టంతా రేగిపోయింది.

"అక్కా, కారు ఎవరు విప్పుతున్నారు? నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"డ్యూటీలో ఉన్నావు కదా చిన్నా, మధ్యలో ఎలా వచ్చావు?" అంది అక్క.

"కారు బాగు చేయిస్తున్నావని తెలిసి..."

"ఎవరు చెప్పారు?" అంది మీటరమ్మ.

"అక్కే ఫోన్ చేసింది."

"నేను చెయ్యలేదురా."

అతను అక్క వంక చూశాడు. తర్వాత నేల మీద పడున్న అట్టముక్క వంక చూశాడు. ఇక ఆ చూపు అక్కణ్ణుంచి కదల్లేదు.

మీటరమ్మ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కారులోకి వంగి, లోపలి దీపం ఫ్యూజుని దాని చోట్లో నొక్కింది. నిలబడి చేతులు తుడుచుకుంది. కాసేపటికి చిన్నా చొక్కా జేబులో ఫోన్ టింగుమంది.

ఫ్యూజు పీకింది. మళ్ళీ నిరీక్షణ. మళ్ళీ టింగుమంది.

"దానికి లోపల బుల్లి బ్యాటరీ ఒకటి ఉంటుంది" అని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి చెప్పింది. "కారు కరెంటు పోయినా కొంతసేపు బతికుంటుంది, పోయిందని కబురు పంపుతుంది. వస్తే వచ్చిందని పంపుతుంది. నేను ఇందాక కొత్త బ్యాటరీ పెట్టగానే ఈ అబ్బాయికి కబురు వెళ్ళింది. డ్యూటీ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ గోడ దగ్గర నుంచి వచ్చి చెయ్యి చాపాడు. "ఫోనివ్వు."

చిన్నా ఇచ్చేశాడు. ఇచ్చి అక్కడే, కారు టైరు పక్కన, కూలబడ్డాడు.

"ఫ్యాక్టరీ మూస్తే మూడు వందల మంది రోడ్డున పడతాం అన్నారక్కా. బావ ఎవరెవర్ని కలుస్తున్నాడో తెలిస్తే చాలు, లాయర్లు చూసుకుంటారు అన్నారు. బావకి ఏమీ కాదన్నారు. నేను నమ్మాను."

"ఎవరన్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సెక్యూరిటీ ఆఫీసర్. మా షిఫ్టులో అందరికీ ఆయనంటే హడల్."

"సోమవారం సంగతి చెప్పు."

"నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. తెల్లారుజామున కారు కరెంటు పడిపోయిందని మెసేజ్ వచ్చింది. డ్యూటీ దిగి వచ్చి స్టార్ట్ చేసిద్దాంలే అనుకున్నాను. నేనొచ్చేసరికి..." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ మెసేజ్ నాకొక్కడికే రాదండీ. ఆ ఆఫీసర్ నంబరు కూడా ఉంది అందులో. కారు కదలదనీ, బావ నడిచి వస్తాడనీ వాళ్ళకప్పుడే తెలిసిపోయింది. ఆ బూడిద రంగు కారు డ్రైవరు మా ఫ్యాక్టరీవాడే. ఇంటికి ఒకట్రెండు సార్లు వచ్చాడు నాతో. నా ఫ్రెండే కదా అని బావ ఎక్కేసి ఉంటాడు."

అక్క అతని ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకుంది మీటరమ్మ. కొట్టలేదు.

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నిన్ను భుజాన వేసుకుని ఆసుపత్రిలో మూడంతస్తులెక్కారు రా ఆయన. లిఫ్టు పనిచెయ్యకపోతే."

చిన్నా మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

"బతికే ఉన్నారా?" ఆ ప్రశ్న ఆమె నోట్లోంచి గాలిలా వచ్చింది.

"ఉన్నాడక్కా. నిన్న అడిగితే, శుక్రవారం వాయిదా దాటాక వదిలేస్తామన్నారు. ఎవరైనా ఆ డబ్బా జోలికి వెళ్తే, నేను నోరు విప్పితే మాత్రం బావని వదిలిపెట్టబోమన్నారు."

మీటరమ్మ తన చేతిలోని ఫ్యూజు వంక చూసుకుంది. చిటికెన వేలి గోరంత ముక్క. దాన్ని ఒకసారి పెట్టింది, ఒకసారి తీసింది. టింగుమన్న ప్రతిసారీ ఇంకో జేబులో కూడా టింగుమంది. కుర్రాణ్ణి పట్టుకోవడానికి వేసిన ఎత్తు ఎక్కడో తలుపు వెనక ఉన్న మనిషి మెడకి చుట్టుకుంటుందని ఆలోచించలేదు. అలాంటి పొరపాటు ఆవిడ చెయ్యదు. ఇవాళ చేసింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, నాది తప్పే" అంది. "తర్వాత తిడుదురుగాని. ముందు దీన్ని సరిదిద్దాలి."

ఇన్‌స్పెక్టర్ తిట్టలేదు. "ఎలా?"

"ఈ కారు బ్యాటరీ చావడం వాళ్ళకి కొత్త కాదు. రెండు నెలల్నుంచి ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఇవాళా అలాంటిదే అనుకోవాలి." ఫ్యూజుని మళ్ళీ చోట్లో పెట్టేసింది. "బాబూ, లే. ఫోన్ తీసుకో. అక్క మెకానిక్‌ని పిలిపించిందనీ, బ్యాటరీ మార్చి చూస్తున్నాడనీ, డబ్బా ఎవరి కంటా పడలేదనీ, నువ్వు పక్కనే ఉన్నావనీ ఆ ఆఫీసర్‌కి పంపు. నీ మాటల్లోనే రాయి."

చిన్నా రాసింది ఇన్‌స్పెక్టర్‌కి చూపించాడు. అతను తలూపాక పంపాడు. ఇన్‌స్పెక్టర్ తన ఫోన్‌లో స్టేషన్‌కి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసర్ పేరు మీద ఇళ్ళు, గోడౌన్లు ఏమేం ఉన్నాయో అర్జంటుగా కావాలన్నాడు. బళ్ళకి సైరన్లు వద్దన్నాడు. మాట్లాడుతూనే మీటరమ్మ వైపు చూశాడు. ఆ చూపులో ఇందాకటి పంతం లేదు.

జవాబు వచ్చింది. చిన్నా చదివి, ఫోన్ మీటరమ్మ చేతికిచ్చాడు.

'మెకానిక్ అంటే ఆ తెల్లజుట్టు ముసల్దేనా?'

షెడ్డు తలుపులు వీధిలోకి బార్లా తెరిచే ఉన్నాయి. వీధికి అవతల వరసగా నాలుగు మేడలు, వాటికి బోలెడు కిటికీలు.

"ఎవరూ బయటికి చూడకండి" అంది మీటరమ్మ నెమ్మదిగా. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు గోడ పక్కకే జరగండి. మిమ్మల్ని ఇంకా గుర్తుపట్టినట్టు లేరు. అమ్మా, నువ్వు నాతో మాట్లాడుతున్నట్టు ఉండు."

ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అదే నంబరు. చిన్నా దాన్ని ముట్టుకోవడానికి కూడా జంకి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

అక్క ఆ ఫోన్ తీసుకుని అతని అరచేతిలో పెట్టింది. తన రెండు చేతులతో ఆ చేతిని మూసి పట్టుకుంది.

"మాట్లాడు. మీ బావ ఇంటికొచ్చేదాకా నువ్వు నా తమ్ముడివే. ఆ తర్వాత సంగతి తర్వాత."

అతను ఊపిరి తీసుకుని మీట నొక్కాడు. స్పీకర్ పెట్టమని ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు.

ఫోన్‌లోంచి వచ్చింది సెక్యూరిటీ ఆఫీసర్ గొంతు కాదు. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో వినపడని గొంతు. ఎవరో పక్కన నిలబడి చెప్పిస్తుంటే ఒక్కో మాటా పలుకుతున్నట్టు, మెల్లగా, పొడిగా ఉంది.

"చిన్నా, ఆవిణ్ణి చీకటి పడేలోపు పంపించెయ్. పోలీసులకి చెప్పొద్దు." కాస్త ఆగి, ఎవరూ చెప్పించని మాట ఒకటి తనే కలిపాడు. "నాకు దెబ్బలు తగిలాయని అక్కకి చెప్పకురా."

భార్య రెండు చేతులతో నోరు మూసుకుంది. లైను కట్ అయింది.